కలివి కోడిని ఎలా వెతికారు? అడవిని కాపాడటంలో టెక్నాలజీ ఎంతవరకు పనికొస్తుంది?

కడప జిల్లా చిట్టడవుల్లో కలివి కోడి అనే పక్షి ఉంది. పగలు పొదల నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక బయటకు వస్తుంది. ప్రపంచంలో దాని సంఖ్య 50 నుంచి 249 మధ్య ఉండొచ్చని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్ అంచనా. అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అది ఉంది.

ఇంత తక్కువగా ఉండి, రాత్రిళ్లు మాత్రమే తిరిగే పక్షిని వెతకడం ఎలా? అది ఎక్కడుందో తెలియకుండా కాపాడటం ఎలా?

ఈ రెండు ప్రశ్నలకు జవాబు కోసం దాదాపు నాలుగు దశాబ్దాల్లో టార్చ్ లైటు, మెత్తటి మట్టి పరిచిన పట్టీలు, ఆటోమేటిక్ కెమెరాలు, సౌండ్ రికార్డర్లు, ఉపగ్రహ చిత్రాలు, డీఎన్ఏ పరీక్షలు అన్నీ వాడారు. వన్యప్రాణుల అధ్యయనంలో నేడు ప్రపంచమంతా వాడుతున్న పరికరాల్లో చాలావరకు ఈ ఒక్క పక్షి కథలోనే కనిపిస్తాయి. అవి ఏం చేయగలవో, ఏం చేయలేవో కూడా ఈ కథే చెబుతుంది.

86 ఏళ్లు కనిపించని పక్షి

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ 19వ శతాబ్దం మధ్యలో ఈ పక్షిని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశారు. అందుకే ఇంగ్లిష్‌లో దీన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తర్వాత మళ్లీ ఎవరూ దాన్ని చూసినట్లు నమోదు కాలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) పరిశోధకుడు భరత్ భూషణ్ బృందం కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దీన్ని మళ్లీ గుర్తించింది. అప్పుడు వాళ్ల దగ్గర ఉన్న గొప్ప సాధనం స్థానికుల జ్ఞాపకమే. పక్షి బొమ్మలు చూపిస్తూ ఊరూరా తిరిగారు. రాత్రిపూట టార్చ్ వెలుగులో పక్షులను పట్టే ఒక స్థానిక వేటగాడికి ఆ పక్షి దొరికింది. అయితే పట్టుకున్న ఆ పక్షి బతకలేదు.

ఆ తర్వాత ఈ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. కానీ అడవికి హద్దులు గీసినంత మాత్రాన పక్షి అందులో ఎక్కడుందో తెలియదు. టార్చ్ పట్టుకుని రాత్రంతా తిరిగినా కనిపించేది చాలా అరుదుగానే. కనిపించలేదంటే అక్కడ లేదని కూడా చెప్పలేరు.

మట్టి పట్టీల మీద అడుగులు

2000 తర్వాత బీఎన్‌హెచ్‌ఎస్‌కు చెందిన పి.జెగనాథన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి మరో దారి పట్టారు. పక్షిని చూడటానికి బదులు దాని అడుగులను చూడాలనుకున్నారు.

పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని సన్నటి పట్టీలుగా పరిచారు. రాత్రి వాటి మీదుగా నడిచిన పక్షి కాలి గుర్తులను ఉదయం పరిశీలించారు. కలివి కోడికి వెనక వేలు ఉండదు, ముందు మూడు వేళ్లే ఉంటాయి. ఆ గుర్తులను, వాటి కొలతలను బట్టి ఇతర పక్షుల నుంచి వేరు చేశారు. కొన్నిచోట్ల ఆటోమేటిక్ కెమెరాలు కూడా పెట్టి, ఆ అడుగులు ఏ పక్షివో నిర్ధారించుకున్నారు. ఈ పద్ధతిని 2002లో ఒరిక్స్ అనే శాస్త్ర పత్రికలో ప్రచురించారు.

అడుగులు పడిన చోట్ల, పడని చోట్ల పొదలను లెక్కించి పోల్చారు. రెండు మీటర్ల కంటే ఎత్తైన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు 1,000 కంటే తక్కువ ఉన్నచోట పక్షి ఎక్కువగా తిరుగుతోందని తేలింది. అంటే దానికి దట్టమైన అడవి పనికిరాదు, పూర్తిగా చదునైన నేలా పనికిరాదు. పొదల మధ్య నడిచేంత ఖాళీ ఉండాలి.

ఆ ఖాళీ దానంతట అదే ఏర్పడేది కాదు. పశువులు మేయడం, కట్టెలు కొట్టడం వంటివి ఒక స్థాయి వరకు ఆ ఖాళీని నిలబెడతాయి. హద్దు మీరితే పొదలే మిగలవు. పూర్తిగా ఆపేస్తే చిట్టడవి దట్టంగా కమ్ముకుపోతుంది. మట్టి పట్టీల అధ్యయనం నుంచి వచ్చిన ముఖ్యమైన సమాచారం ఇదే.

కెమెరా ట్రాప్‌లు పులులను ఎలా లెక్కిస్తాయి?

అప్పట్లో ప్రయోగంగా వాడిన ఆటోమేటిక్ కెమెరా ఇప్పుడు అటవీ శాఖల రోజువారీ సాధనం. దీన్నే కెమెరా ట్రాప్ అంటారు. ఇందులోని సెన్సర్, ఎదురుగా వెచ్చటి శరీరం కదిలితే పసిగడుతుంది. వెంటనే ఫొటో తీస్తుంది. రాత్రిపూట కంటికి కనిపించని పరారుణ కాంతిని వాడుతుంది.

పులుల లెక్కింపులో దీని వల్ల పెద్ద మార్పు వచ్చింది. ఒకప్పుడు పులి పాదముద్రల అచ్చులు తీసుకుని లెక్కించేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు పూర్తిగా మాయమైన సంగతి 2005 ప్రాంతంలో బయటపడటంతో ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది. కాగితాల మీద ఉన్న పులులు అడవిలో లేవు.

ఇప్పుడు అడవి దారులకు రెండు పక్కలా ఎదురెదురుగా కెమెరాలు కడతారు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడివైపు, ఎడమవైపు వేర్వేరుగా ఉంటాయి. అందుకే రెండు కెమెరాలు కావాలి. చారలను కంప్యూటర్ పోల్చి, ఏ ఫొటో ఏ పులిదో చెబుతుంది.

అన్ని పులులూ కెమెరాకు చిక్కవు కదా? దానికో లెక్క ఉంది. ఉదాహరణకు మొదటి విడతలో 20 పులులు ఫొటోల్లో పడ్డాయనుకుందాం. రెండో విడతలోనూ 20 పడ్డాయి, కానీ వాటిలో 10 మాత్రమే మొదటిసారి చూసినవి. అంటే మొదటి విడతలో సుమారు సగం పులులే కెమెరాకు చిక్కినట్లు. కాబట్టి మొత్తం 40 దాకా ఉండొచ్చు. అసలు గణన ఇంతకంటే క్లిష్టమైనదే అయినా మూల సూత్రం ఇదే.

2018 నాటి జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మూడున్నర కోట్ల దాకా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. అతి పెద్ద కెమెరా ట్రాప్ సర్వేగా ఇది గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అన్ని కోట్ల ఫొటోలను మనుషులు ఒక్కొక్కటిగా చూడటం కష్టం. అందుకే జంతువును బట్టి ఫొటోలను వేరుచేసే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ వాడారు. 2022 గణన ప్రకారం దేశంలో పులుల సగటు అంచనా 3,682.

తెలుగు రాష్ట్రాల్లో నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లో ఇదే పద్ధతి వాడుతున్నారు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో నీటి పిల్లుల ఉనికిని తెలుసుకోవడానికీ కెమెరా ట్రాప్‌లే ఉపయోగపడ్డాయి. అయితే ఏ చెట్టుకు కెమెరా కట్టాలో చెప్పేది అడవి తెలిసిన మనుషులే. నల్లమలలో ట్రాకర్లుగా, బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా చెంచులు పనిచేస్తున్నారు.

పక్షి కూత విని ఎలా గుర్తిస్తారు?

కలివి కోడి కూత ఎలా ఉంటుందో 2000 దాకా ఎవరి దగ్గరా రికార్డు లేదు. మట్టి పట్టీలు, కెమెరాల సాయంతో అది తిరిగే చోటు తెలిశాక, అక్కడ కాపు వేసి కూతను రికార్డు చేశారు. సూర్యుడు గుంకిన ముప్పావు గంట తర్వాత కొద్ది నిమిషాలు మాత్రమే కూస్తుందని తేలింది. ఆ తర్వాత సాయంత్రం పూట ఆ రికార్డింగ్ వినిపించి, బదులు వస్తుందేమో వినే సర్వేలు మొదలయ్యాయి.

ఇప్పుడు ఆ పని కోసం రాత్రంతా మనిషి కూర్చోనక్కర్లేదు. ఆడియోమాత్ వంటి అగ్గిపెట్టెంత రికార్డర్లను చెట్టుకు కట్టి వదిలేస్తే, నిర్ణయించిన వేళల్లో వాటంతట అవే రికార్డు చేస్తాయి. ఆ శబ్దాలను బర్డ్‌నెట్ వంటి కృత్రిమ మేధ కార్యక్రమాలు జల్లెడ పడతాయి. ముందుగా శబ్దాన్ని బొమ్మగా మారుస్తారు. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం ఎత్తు ఉండే ఆ బొమ్మలో ఒక్కో పక్షి కూతకు ఒక్కో ఆకారం కనిపిస్తుంది. ఆ ఆకారాలను గుర్తుపట్టేలా కంప్యూటర్‌కు శిక్షణ ఇస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. శిక్షణకు వేల రికార్డింగులు కావాలి. కాకి, కోకిల వంటి పక్షులవి కావలసినన్ని దొరుకుతాయి. కలివి కోడి లాంటి వాటివి కొద్దిగానే ఉన్నాయి. అంటే ఏ జీవిని గుర్తించడం అత్యవసరమో, దాన్ని గుర్తించడంలోనే కృత్రిమ మేధ బలహీనంగా ఉంటుంది. చివరకు ఆ కూత తెలిసిన మనిషి విని నిర్ధారించాల్సిందే.

పైనుంచి ఉపగ్రహం చూసింది ఏమిటి?

పక్షికి ఎలాంటి చిట్టడవి కావాలో తెలిశాక, అలాంటి నేల ఎంత మిగిలి ఉందనే ప్రశ్న వచ్చింది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పోల్చారు. అభయారణ్యంలోనూ చుట్టుపక్కలా చిట్టడవి తగ్గిపోతోందని తేల్చారు. పొదలు పీకి నేలను సాగులోకి తేవడం ముఖ్య కారణాల్లో ఒకటి.

ఈ సమాచారం ఒక సందర్భంలో నేరుగా పనికొచ్చింది. తెలుగు గంగ కాలువ పనులు కలివి కోడి తిరిగే నేలలోకి వచ్చినప్పుడు, ఫలానా చోట పక్షి ఉందని చెప్పడానికి పరిశోధకుల దగ్గర ఆధారాలు ఉన్నాయి. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు.

అయినా 2008-09 తర్వాత చాలా ఏళ్లపాటు కలివి కోడి ఆచూకీ నిర్ధారణ కాలేదు. కాలువను తప్పించినా, చుట్టూ ఉన్న చిట్టడవి తరుగుదల ఆగకపోవడం వల్ల ముప్పు తొలగిపోలేదు.

నీటిలో, గాలిలో డీఎన్ఏ

ఈ పక్షి కథలో డీఎన్ఏ పాత్ర అనుకోని చోట వచ్చింది. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఒక గుడ్డు 2013లో వెలుగులోకి వచ్చింది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించిన గుడ్డు అది. దాని డీఎన్ఏను, బ్రిటన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రపరిచిన పాత కలివి కోడి చర్మం నుంచి తీసిన డీఎన్ఏతో పోల్చారు. రెండూ సరిపోయాయి. శాస్త్రవేత్తలకు దొరికిన తొలి కలివి కోడి గుడ్డు అదే. 1900 తర్వాత కనిపించలేదనుకున్న పక్షి కోలార్ వైపు కూడా ఉండేదని దాంతో తెలిసింది.

ఈ రంగంలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)కి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది. అంతరించిపోతున్న జీవుల కోసమే ఏర్పాటైన ఈ ప్రయోగశాలను 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు.

పట్టుబడిన మాంసం ముక్క ఏ జంతువుదో చెప్పే పద్ధతిని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. వేలాది జీవుల్లో కొద్దికొద్ది తేడాలతో ఉండే ఒక జన్యువు ముక్కను చదివితే, అది జింకదో మేకదో తేలిపోతుంది. ఎండిన మాంసం, వెంట్రుక, తోలు కూడా కేసుల్లో సాక్ష్యం అయ్యాయి. నెహ్రూ జూ పార్కుతో కలిసి లాకోన్స్ 2010లో మూషిక జింకల సంతానోత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టింది. అలా పుట్టిన జింకలను 2017 నుంచి అమ్రాబాద్ అడవుల్లో వదులుతున్నారు.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న మాట పర్యావరణ డీఎన్ఏ. చేప, కప్ప, పక్షి, ఏ జీవి అయినా తిరిగిన చోట చర్మపు కణాలు, జిగురు, రెట్ట వదులుతుంది. ఒక సీసా నీటిని సన్నటి వడపోత గుండా పంపి, అందులో చిక్కిన డీఎన్ఏను చదివితే ఆ నీటిలో, ఒడ్డున ఏయే జీవులు ఉన్నాయో జాబితా వస్తుంది. జంతువును చూడాల్సిన పని లేదు, పట్టాల్సిన పని లేదు. ఒడిశాలోని చిలికా సరస్సు నీటి నమూనాలతో సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇలాంటి అధ్యయనం చేశారు. 2022లో ప్రచురితమైన రెండు అధ్యయనాల్లో డెన్మార్క్, బ్రిటన్ శాస్త్రవేత్తలు జూలలోని గాలిని పీల్చి, అందులో ఉన్న డీఎన్ఏతోనే జంతువులను గుర్తించారు.

దీనికీ హద్దులున్నాయి. డీఎన్ఏ దొరికితే జీవి ఉందని తెలుస్తుంది కానీ, ఎన్ని ఉన్నాయో చెప్పడం కష్టం. నది నీటిలో అయితే అది ఎగువ నుంచి కొట్టుకొచ్చిందీ కావచ్చు. పోల్చడానికి ఆ జీవి డీఎన్ఏ ముందే నమోదై ఉండాలి. మన దేశంలో చాలా కీటకాలకు, చేపలకు ఆ నమోదు ఇంకా జరగలేదు.

నగరంలో ఏం చేయొచ్చు?

ఈ పరికరాలు మారుమూల అడవులకే కాదు, ఢిల్లీ లాంటి నగరాలకూ పనికొస్తాయి.

కోచింగ్ సెంటర్లు, పీజీ హాస్టళ్లతో కిక్కిరిసి ఉండే తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ దాటితే యమునా బ్యాంక్. అక్కడి నుంచి నది దాటేవరకు కిటికీలోంచి కనిపించేది యమున వరద మైదానం. కూరగాయల మళ్లు, రెల్లు, బురద నేల ఉంటాయి. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. ఇంకా కిందికి వెళితే ఓఖ్లా పక్షి అభయారణ్యం ఉంది.

ఇలాంటి చోట ఫోన్ కూడా పరికరమే. కార్నెల్ విశ్వవిద్యాలయం తయారుచేసిన మెర్లిన్ యాప్ పక్షి కూత విని పేరు సూచిస్తుంది. చూసిన పక్షుల జాబితాను ఈబర్డ్‌లో, మొక్కలు, పురుగుల ఫొటోలను ఐనేచురలిస్ట్‌లో నమోదు చేయొచ్చు. ఇలా సుమారు 30,000 మంది నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల ఆధారంగానే 2023లో దేశంలోని 942 పక్షి జాతుల స్థితిగతులపై నివేదిక వచ్చింది.

అయితే ఈ జాబితాలు జనం వెళ్లే చోట్ల నుంచే ఎక్కువగా వస్తాయి. ఎవరూ వెళ్లని చోట పక్షులు లేవని కాదు, అక్కడ చూసేవాళ్లు లేరంతే. ఖాళీగా ఉన్న మ్యాప్‌ను చూసి, అక్కడేమీ లేదని నిర్మాణానికి అనుమతిస్తే నష్టం కలివి కోడి లాంటి వాటికే.

2016 నవంబరులో ఢిల్లీకి ఉత్తరాన యమునా బయోడైవర్సిటీ పార్కులోకి ఒక చిరుత వచ్చింది. పాదముద్రలు, కెమెరా చిత్రాలు దాని ఉనికిని నిర్ధారించాయి. పాడైన నేలను తిరిగి అడవిగా మార్చిన చోటికి చిరుత రావడం పర్యావరణవేత్తలకు సంతోషం కలిగించింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు భయపడ్డారు. కొద్ది వారాల్లోనే అటవీ శాఖ దాన్ని బోనులో పట్టి శివాలిక్ అడవులకు తరలించింది. చిరుత ఉందని కెమెరా చెప్పగలిగింది. దాన్ని ఉండనివ్వాలా, వద్దా అన్నది మనుషులు తీసుకున్న నిర్ణయం.

కెమెరా మనుషులను చూస్తే?

కెమెరా ట్రాప్‌కు జంతువు, మనిషి తేడా తెలియదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ టైగర్ రిజర్వ్ చుట్టుపక్కల కేంబ్రిడ్జ్ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ 14 నెలలపాటు 270 మందితో మాట్లాడి చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. కట్టెలకు, గడ్డికి అడవికి వెళ్లే మహిళలు కెమెరాలు, డ్రోన్ల భయంతో నడవడిక మార్చుకున్నారని అందులో ఉంది. అంతకుముందు వాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ, పాటలు పాడుకుంటూ వెళ్లేవారు. ఆ చప్పుడుకు పులులు దూరంగా ఉండేవి. కెమెరాల వల్ల గొంతు తగ్గించారు. అంటే పులికి ఎదురుపడే ప్రమాదం పెరిగింది. ఒక మహిళ ఫొటో సోషల్ మీడియాలో తిరగడంతో గ్రామస్థులు కెమెరాలను పగలగొట్టారు.

రెండో ప్రమాదం వేటగాళ్లు. 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నాలో జీపీఎస్ కాలర్ కట్టిన ఒక పులి సమాచారం వచ్చే ఈమెయిల్‌ను ఎవరో తెరవడానికి ప్రయత్నించారు. అరుదైన జీవి ఎక్కడుందో పరిశోధకుడికి చెప్పే సమాచారమే వేటగాడికీ దారి చూపుతుంది. అందుకే ఈబర్డ్, ఐనేచురలిస్ట్ వంటివి ముప్పులో ఉన్న జాతుల కచ్చితమైన చోటును బయటకు చూపించవు.

చివరకు ఏం తేలింది?

ఎన్ని పరికరాలు వచ్చినా అవి చెప్పేవి ప్రధానంగా మూడు విషయాలు. జీవి ఉందా, ఎక్కడుంది, దానికి ఏం కావాలి? కలివి కోడి విషయంలో ఈ మూడింటికీ చాలావరకు జవాబులు దొరికాయి. కాలువ దారి మార్చినప్పుడు ఆ జవాబులు నిర్ణయంగా మారాయి. చిట్టడవి సాగు భూమిగా మారుతున్నప్పుడు మారలేదు.

చిట్టడవిని ప్రభుత్వ కాగితాల్లో చాలాసార్లు పనికిరాని బంజరుగా లెక్కిస్తారు. అలాంటి నేలలో ఒక పొదకూ ఇంకో పొదకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో మట్టి పట్టీలు చెప్పి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఖాళీని నిలబెట్టాలంటే ఎక్కడ ఎన్ని మేకలు మేయాలో, ఎక్కడ మేయకూడదో అక్కడి కాపరులతో కూర్చుని మాట్లాడాలి. ఆ పని చేయాల్సింది మనుషులే.